తగ్గింపు ఎవరి ఖాతాలో?

వాణిజ్యశాస్త్రం తెలుగు మాధ్యమంలో చదువుకున్నవారికి మూడు వరుసల నగదు పుస్తకం గుర్తుండే ఉంటుంది. ఒక వరుస చేతి నగదుకు, ఒకటి బ్యాంకుకు, మూడోది డిస్కౌంటుకు. మొదటి రెండు వరుసల్నీ కూడి నిలవ తేలుస్తారు. మూడో వరుసను కూడతారు గాని నిలవ తేల్చరు. అది డబ్బు కాదు. రావలసి రాకుండా పోయిన డబ్బుకు గుర్తు మాత్రమే. అదే పాఠంలో ఇంకో సూత్రం కూడా ఉంటుంది. వర్తకపు డిస్కౌంటును ఇన్‌వాయిస్‌లోనే తీసివేసి, మిగిలిన మొత్తాన్నే అమ్మకంగా రాయాలి. పుస్తకాల్లో దాని ఊసే ఉండకూడదు. గడువుకు ముందే డబ్బు కట్టినందుకు ఇచ్చే నగదు డిస్కౌంటును మాత్రం విడిగా రాయాలి. పిల్లలు దీన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి, పరీక్ష అయిన మర్నాడు మరచిపోతారు.

మామూలుగా చూస్తే ఇది చిన్న ప్రశ్నే. నూరు రూపాయల సరుకును ఎనభైకి అమ్మినవాడి రాబడి నూరా, ఎనభయ్యా? ఎనభై అనడానికి లెక్కల పంతులు అక్కరలేదు. కాని ఆ ఇరవై ఎప్పుడు తగ్గించారు, ఎవరికి తెలిసేలా తగ్గించారు, తగ్గించే హక్కు ఎవరిది అని అడగడం మొదలుపెడితే అది లెక్కల ప్రశ్నగా మిగలదు. సామాజిక సంబంధాల ప్రశ్న అవుతుంది. కంపెనీల వాటాలు కొన్న మదుపుదారులు కొన్ని దశాబ్దాలుగా ఈ ప్రశ్న మీద ఆందోళన పడుతున్నారు. మన పల్లెల్లో రైతులు అంతకు ఎన్నో తరాల ముందు నుంచీ పడుతున్నారు. ఈ రెండు ఆందోళనలనూ పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఏ ఒక్కటీ పూర్తిగా అర్థం కాదని నా అభిప్రాయం.

తెలుగు చెప్పుకునేవాడికి పద్దులతో ఏం పని అని సాహిత్య విద్యార్థులు అడగవచ్చు. పద్దు కూడా రచనే. ఒకడు రాస్తాడు, మరొకడు చదువుతాడు, చదివినవాడు దాన్ని నమ్మి భూమి రాసిస్తాడు, లేదా వాటాలు కొంటాడు. ఇంతటి ఫలితం చూపిన కావ్యం మన భాషలో ఎన్ని ఉన్నాయి? అప్పు పత్రం మీద మన కథకులు రాసినంత కంపెనీల వార్షిక నివేదిక మీద రాయలేదు. ఎందుకంటే మొదటిది మన ఇళ్ళలో ఉంది. రెండోది నిన్నమొన్నటి దాకా బొంబాయిలో ఉంది. ఇప్పుడది హైదరాబాదులో కూడా ఉంది గనుక దాన్ని చదవడం నేర్చుకోక తప్పదు.

ముందు మన ఊళ్ళ సంగతి. డిస్కౌంటు అనే మాటకు బజారులో తగ్గింపు ధర అని అర్థం. బ్యాంకుల భాషలో మరో అర్థం ఉంది: గడువు తీరని పత్రం మీద వడ్డీని ముందే పట్టుకుని, మిగిలింది చేతికివ్వడం. ఈ రెండో అర్థం మాటగా తెలియకపోయినా, పనిగా తెలియని ఊరు తెలంగాణలో లేదు. మా రఘునాథపల్లి ఇవాళ జనగామ జిల్లాలో ఉంది, 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉండేది. నిజాం కాలంలో జనగామ తాలూకా నల్లగొండ జిల్లా కిందిది. ఈ ప్రాంతమంతటా నడిచిన నాగు పద్ధతిలో, విత్తనాలకో తిండికో తెచ్చుకున్న గింజలకు కల్లం దగ్గరే ఒకటికి ఒకటిన్నర కొలిచి ఇవ్వాలి. కల్లంలో రాశి ఎంత అన్నది రైతు పంట కాదు. కోతలన్నీ పోగా మిగిలిందే రైతు పంట. ఇవాళ్టి గిరిగిరి వ్యాపారం ఇంకా నేర్పుగా ఉంటుంది. పదివేలు అని రాసుకుంటారు. ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు. రోజుకు నూరు చొప్పున నూరు రోజులు వసూలు చేస్తారు. కాగితం మీద చూస్తే పదివేలు తీసుకున్నాడు, పదివేలు కట్టాడు. వడ్డీ అనే మాటే లేదు! లెక్క తనిఖీ చేసేవారు వచ్చినా దొరికేది ఈ నిర్మలమైన పుటే. కోసుకున్న పదిహేను వందలు పుస్తకంలోకి రాకముందే కోసుకున్నవి.

1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగిన తర్వాత పెల్లుబికిన పోరాటంలో అప్పు పత్రాలను తగలబెట్టడం ఒక ముఖ్యమైన చర్య. దాన్ని కోపంతో చేసిన పనిగా చిత్రించినవారున్నారు. నాకు అది పఠన చర్యగా కనిపిస్తుంది. చదువు రాని రైతులు ఆ కాగితాన్ని సరిగ్గానే చదివారు: తాము తీసుకున్నదానికీ అందులో రాసినదానికీ ఉన్న తేడాయే తమ బానిసత్వమని.

కాలం మారింది, కల్లం నుంచి మార్కెట్ యార్డుకు వచ్చాం. వరంగల్ ఎనుమాముల మార్కెట్టు పత్తికి పేరుమోసింది. అక్కడైనా, మరో యార్డులోనైనా రైతుకు ఎదురయ్యే మాటలు ఇవి: తరుగు, తేమ, కమీషను, హమాలీ, ఆ పైన క్యాష్ కటింగ్. ఈ చివరి మాటను గమనించాలి. రైతు డబ్బు వెంటనే కావాలంటే నూటికింత అని కోసి ఇవ్వడం క్యాష్ కటింగ్. ఇది అచ్చంగా పాఠ్యపుస్తకంలోని నగదు డిస్కౌంటే. తేడా ఒక్కటే. పుస్తకంలో అమ్మేవాడు, కొనేవాడు త్వరగా కట్టాలని తన ఇష్టప్రకారం తగ్గిస్తాడు. యార్డులో కొనేవాడే, కట్టవలసింది కట్టడానికి, అమ్మేవాడి దగ్గర కోస్తాడు. పుస్తకం రాసినవారి ఊహలో ఇద్దరు సమానమైన వర్తకులున్నారు. యార్డులో ఒకడు వర్తకుడు, మరొకడు రాత్రి బండి అద్దెకు కూడా అప్పు చేసి వచ్చినవాడు.

ఇక్కడ కొంచెం లెక్క చూడాలి, ఎందుకంటే తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది. క్వింటాలు పత్తికి 7,000 రూపాయలు పలికిందనుకుందాం. విత్తనాలు, ఎరువులు, కూళ్ళు కలిపి 6,500 అయిందనుకుందాం. రైతుకు మిగిలేది 500. ఇప్పుడు నూటికి రెండు చొప్పున కోత పడితే 140 రూపాయలు పోతుంది. ధరలో చూస్తే ఇది రెండు పాళ్ళే. "రెండు రూపాయలకే ఇంత గొడవా" అంటాడు అడ్తిదారు. మిగులులో చూస్తే నూటికి 28 పాళ్ళు. ఖర్చు ముందే అయిపోయింది గనుక తగ్గింపు ఎంత చిన్నదైనా నేరుగా మిగులు మీదే పడుతుంది. కోత కోసేవాడు ధరను చూపి మాట్లాడతాడు, కోత పడ్డవాడు మిగులును చూసి ఏడుస్తాడు.

ఆ కోసిన 140 ఎక్కడికి పోయింది? కొన్నవాడి పుస్తకంలో అది రాబడి. ఈ సంగతిని సీమలో కూడా చూడవచ్చు. బ్రిటన్‌లో అన్నిటికన్న పెద్ద దుకాణాల సంస్థ టెస్కో. తనకు సరుకులు పోసేవారి దగ్గర ఆ సంస్థ రకరకాల రిబేట్లు రాబడుతుంది: ఇంత అమ్మితే ఇంత, అల్మారాలో కంటికెదురుగా పెడితే ఇంత. ఈ డబ్బుకు దాని లెక్కల్లో వాణిజ్య ఆదాయం అని పేరు. 2014 సెప్టెంబరు 22న ఆ సంస్థ తన అర్ధసంవత్సర లాభాన్ని సుమారు 25 కోట్ల పౌన్ల మేరకు ఎక్కువగా అంచనా వేశామని ప్రకటించింది. ఇంకా రాని రిబేట్లను ముందే వచ్చినట్టు రాసుకోవడం ఒక కారణం, ఖర్చుల్ని వెనక్కి నెట్టడం మరో కారణం. మదుపుదారులు గగ్గోలు పెట్టారు, షేరు ఆ రోజే పడిపోయింది. 2017లో సంస్థ 12.9 కోట్ల పౌన్ల జరిమానాకు ఒప్పుకుంది. విచారణకెక్కిన ముగ్గురు అధికారులు మాత్రం నిర్దోషులుగా బయటపడ్డారు. మదుపుదారుల ప్రశ్న "ఆ తగ్గింపు ఏ నెలలో రాశారు" అన్నదే. ఆ తగ్గింపు ఎవరి దగ్గర కోశారన్నది లెక్కల ప్రమాణాలు అడిగే ప్రశ్న కాదు.

తగ్గింపు ఇలా ఒకచోట కోతగా పుట్టి మరొకచోట లాభంగా పేరు మార్చుకోవడానికి మన జిల్లాలోనే మంచి ఉదాహరణ చిట్టీలు. వరంగల్, హనుమకొండల్లో చిట్టీ కంపెనీ బోర్డు కనిపించని బజారు అరుదు. ఉపాధ్యాయులు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు, పిల్ల పెళ్ళికో ఇంటి స్లాబుకో చిట్టీని నమ్ముకున్నవాళ్ళే. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది, ఇరవై నెలలు, నెలకు 5,000. ఒక నెలలో ఒకరికి అత్యవసరం వచ్చింది. పాట పాడి 75,000కే చిట్టీ ఎత్తుకున్నారు. వదులుకున్న 25,000 తగ్గింపు. అందులో నూటికి అయిదు చొప్పున 5,000 ఫోర్‌మన్ కమీషను. మిగిలిన 20,000 ఇరవై మందికీ తలా వెయ్యి. ఆ నెల అందరూ 4,000 కడితే చాలు. ఈ వెయ్యిని దశాబ్దాల పాటు అందరం డివిడెండు అన్నాం. 1982 నాటి కేంద్ర చిట్‌ఫండ్స్ చట్టంలోనే ఆ మాట ఉండేది.

డివిడెండు అంటే వ్యాపారంలో వచ్చిన లాభంలో వాటా. చిట్టీలో వ్యాపారం ఏదీ లేదు. ఆసుపత్రి బిల్లు కట్టవలసినవాడు ఒప్పుకున్న నష్టమే ఆ నెల అవసరం లేనివాడి లాభం. ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బెంచీ మీద కూర్చుని ఉంటారు. పేరు డివిడెండు కావడంతో ఆ బంధం కనపడకుండా పోయింది. 2019లో చట్టాన్ని సవరించినప్పుడు పార్లమెంటు ఈ మాటను తీసివేసి తగ్గింపులో వాటా అని మార్చింది. ప్రైజు మొత్తం అన్న మాటను నికర చిట్టీ మొత్తం అని మార్చింది. చట్టాల్లో మాటను అర్థానికి దగ్గరగా జరిపిన సందర్భాలు తక్కువ. భాషను పట్టించుకునేవాళ్ళం దీన్ని మెచ్చుకోవాలి. అదే సవరణలో ఫోర్‌మన్ కమీషను పరిమితిని అయిదు నుంచి ఏడు శాతానికి పెంచారన్నది కూడా గమనించాలి. మాట సరిదిద్దినందుకు రుసుము తీసుకున్నారు కాబోలు.

చిట్టీ దగ్గరే ఇంకో చిక్కు. నెలకు లక్ష రూపాయల చిట్టీ కంపెనీ చేతుల మీదుగా నడిచింది. దాని రాబడి ఎంత? ఆ కమీషను 5,000 మాత్రమే; మిగతాది సభ్యుల డబ్బు. కాని ఒక సంస్థ గొప్పను చెప్పే కరపత్రాల్లో అచ్చయ్యేది టర్నోవరు. ఇన్ని వందల కోట్ల టర్నోవరు అని చదివిన సామాన్యుడు దాన్ని కంపెనీ సంపాదనగా భావిస్తాడు. చేతుల మీదుగా పోయినదాన్నీ చేతిలో మిగిలినదాన్నీ ఒకటిగా చూపడం ఇవాళ ప్రపంచమంతటా మదుపుదారులు నిలదీస్తున్న విషయాల్లో ఒకటి.

ఇప్పుడు కంపెనీల వైపు తిరుగుదాం. పైన రైతుకు వేసిన లెక్కనే కంపెనీకి వేసి చూడండి. నూరు రూపాయల అమ్మకం, తొంభై ఖర్చు, పది లాభం. కొన్నవారికి ఇవ్వవలసిన అయిదు రూపాయల తగ్గింపును ఈ ఏడు రాయకుండా వచ్చే ఏటికి నెట్టారనుకుందాం. అమ్మకం 105, ఖర్చు అదే తొంభై, లాభం 15. అమ్మకం నూటికి అయిదు పెరిగితే లాభం సగానికి సగం పెరిగింది! యార్డులో రైతును ముంచిన గణితమే ఇక్కడ కంపెనీని తేలుస్తోంది. తగ్గింపు రైతుకైతే ముందే, లెక్కలోకి రాకముందే పడుతుంది. కంపెనీకైతే అందరూ చూసి చప్పట్లు కొట్టాక, వీలైతే ఎప్పటికీ పడదు. అమెరికాలో 1997లో సన్‌బీమ్ అనే గృహోపకరణాల కంపెనీ వేసవిలో అమ్ముడుపోయే కాల్పుడు పొయ్యిలను భారీ తగ్గింపులిచ్చి చలికాలంలోనే దుకాణాలకు అమ్మినట్టు రాసుకుంది. సరుకు కంపెనీ గిడ్డంగుల్లోనే ఉంది. ఆ ఏటి లాభం చూసి మురిసినవారు మరుసటి ఏడు తలలు పట్టుకున్నారు.

తగ్గింపును దాచితే లాభం ఎందుకు ఉబ్బుతుందో తెలిసినవాడికి, లేని అమ్మకాన్ని రాస్తే ఎందుకు ఉబ్బుతుందో వేరే చెప్పక్కరలేదు. రెండిటికీ ఖర్చు సున్నా. ఈ వెలుగులో సత్యం కంప్యూటర్స్ కథను మళ్ళీ చదవాలి. దాన్ని మన పత్రికలు ఒక మనిషి పతనగాథగా, పులి మీద స్వారీ ఉపమానంగా రాసి ముగించాయి. ఉపమానం ఆయన ఉత్తరంలోదే. విమర్శకులు కూడా ఆ ఉపమానానికే తృప్తిపడటం విచారకరం. ఉత్తరంలో ఉపమానం ఒక్క వాక్యం, మిగతాదంతా అంకెలు.

1987లో హైదరాబాదులో పుట్టి, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్‌చేంజికెక్కిన ఈ కంపెనీ, సుపరిపాలనకు 2008లో బంగారు నెమలి బహుమానం కూడా పొందింది. ఆ డిసెంబరు 16న ఛైర్మన్ కుటుంబానికి చెందిన రెండు మేటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామని ప్రకటించింది. మేటాస్ అంటే ఇంగ్లీషు అక్షరాల్లో సత్యంను వెనకనుంచి రాయడం. మదుపుదారులు తిరగబడ్డారు, కొన్ని గంటల్లోనే ప్రతిపాదన వెనక్కి పోయింది. 2009 జనవరి 7న రామలింగరాజు తన ఉత్తరంలో చెప్పింది ఇదీ: 2008 సెప్టెంబరు 30 నాటికి పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల నగదు, బ్యాంకు నిలవల్లో 5,040 కోట్లు లేవు. వాటి మీద వచ్చినట్టు రాసిన 376 కోట్ల వడ్డీ లేదు. 1,230 కోట్ల బాకీని రాయలేదు. రావలసిన బాకీల్లో 490 కోట్లు ఎక్కువ చూపారు. మొత్తం 7,136 కోట్లు. షేరు ఆ ఒక్క రోజే నూటికి దాదాపు 78 పాళ్ళు కూలింది.

అయితే నా దృష్టిలో ఉత్తరంలో అన్నిటికన్న విలువైన వాక్యం వేరే ఉంది. ఆ సెప్టెంబరు త్రైమాసికంలో రాబడి 2,700 కోట్లని, నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు. అసలు రాబడి 2,112 కోట్లు, అసలు లాభం 61 కోట్లు. తీసివేసి చూడండి. రాబడిలో తేడా 588 కోట్లు. లాభంలో తేడా కూడా సరిగ్గా 588 కోట్లే. కల్పించిన ప్రతి రూపాయీ లాభంగా మారింది. ఎందుకంటే జరగని పనికి జీతాలు ఇవ్వనక్కరలేదు, కరెంటు బిల్లు ఉండదు, రాత్రి షిఫ్టుకు వ్యాన్లు పెట్టనక్కరలేదు. నిజంగా పనిచేసిన వేలాది ఉద్యోగులు ఆ మూడు నెలల్లో తెచ్చిన లాభం నూటికి 3 పాళ్ళు. అది చాలక, ఎవరూ చేయని పనితో కలిపి 24 పాళ్ళుగా చూపారు. శ్రమ లేకుండా మిగులు పుట్టదన్న సూత్రాన్ని తలకిందులుగా రుజువు చేయడానికి ఇంతకంటే మంచి పట్టిక దొరకదు.

ఇది ఎలా రాశారు? సీ.బీ.ఐ. దర్యాప్తులో 2003 నుంచి 2008 దాకా సృష్టించిన 7,561 దొంగ ఇన్‌వాయిస్‌లు బయటపడ్డాయి. అవి కంపెనీ కంప్యూటర్ వ్యవస్థలోనే ఉన్నాయి. కాని ప్రత్యేక అనుమతి ఉన్నవారికి తప్ప కనిపించకుండా దాచి ఉంచారు. ఫలానా ప్రాజెక్టు పని చేస్తున్నవారికే తమ ప్రాజెక్టు పేర వెళ్ళిన బిల్లు కనబడదు. నిజాం కాలపు పట్వారీ బస్తాలో దస్త్రం లాంటిదే ఇది. ఎవరి పేర ఏం రాసుందో ఆ పేరుగలవాడికి తప్ప అందరికీ తెలుసు. బిల్లులకు డబ్బు వచ్చినట్టు బ్యాంకు పత్రాలు కూడా కల్పించారు. కథలో ఒక అబద్ధపు పాత్ర వస్తే దానికి ఊరు, ఇల్లు, బంధువులు కల్పించవలసి వచ్చినట్టుగా, దొంగ అమ్మకానికి దొంగ వసూలు, దొంగ వసూలుకు దొంగ డిపాజిట్టు, దొంగ డిపాజిట్టుకు దొంగ వడ్డీ. 376 కోట్ల వడ్డీ అలా పుట్టిన మనవరాలు.

ఆడిటర్లు ప్రైస్ వాటర్‌హౌస్ వారు. 2011 ఏప్రిల్‌లో అమెరికా నియంత్రణ సంస్థలు వెల్లడించిన దాని ప్రకారం, నిలవల ధృవీకరణను బ్యాంకుల నుంచి నేరుగా తెప్పించుకునే కట్టుదిట్టం వారు పాటించలేదు. యాజమాన్యం చేతుల మీదుగా వచ్చిన కాగితాలతో సరిపెట్టుకున్నారు. మూలప్రతిని చూడకుండా ముద్రిత ప్రతిని పరిష్కరించే పండితులు మనలో కూడా ఉన్నారు గాని, వారి వల్ల ఇంత నష్టం లేదు. 2015 ఏప్రిల్ 9న హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రాజుకూ, ఆయన సోదరుడికీ, ఇద్దరు మాజీ ఆడిటర్లకూ సహా పదిమందికి శిక్షలు వేసింది. వారు అప్పీలు చేసుకుని, మే నెలలోనే బెయిలు పొందారు. ఆడిట్ సంస్థపై 2018లో సెబీ విధించిన రెండేళ్ళ నిషేధాన్ని 2019లో అప్పీలు ట్రిబ్యునల్ కొట్టేసింది.

దీని పక్కన చేనేత సహకార సంఘాల పుస్తకాన్ని పెట్టి చూస్తే ఇంకో నిజం తెలుస్తుంది. ప్రభుత్వ రిబేటు ఉన్న రోజుల్లో పండుగలకు నూటికి ఇరవై తగ్గించి బట్ట అమ్మేవారు. నూరు రూపాయల చీరకు ఎనభై చేతికి వస్తుంది. ఇరవై ప్రభుత్వం నుంచి రావలసినదిగా రాసుకుంటారు. పుస్తకం ప్రకారం రాబడి నూరు. ఆ ఇరవై నెలలు, ఏళ్ళు గడిచినా రాకపోతే సంఘం నూలు కొనలేదు, మగ్గం మీద కూలి ఇవ్వలేదు. అమ్మని బట్టకు రిబేటు అడిగిన బోగస్ సంఘాల మీద వచ్చిన ఆరోపణలు కూడా తక్కువేమీ కావు, వాటిని దాచనక్కరలేదు. కాని నిజంగా నేసి నిజంగా అమ్మిన కొత్తవాడ నేతగాడికి రావలసిన బాకీ పుస్తకంలోనే ఉండిపోతే, ఏ పనీ చేయని ఇన్‌వాయిస్ తాలూకు బాకీ మాత్రం పుస్తకంలో ఠంచనుగా వసూలైంది.

సత్యం తర్వాత మదుపుదారులు హైదరాబాదు కంపెనీల లెక్కలను భూతద్దం పెట్టి చూడసాగారు. వారి చూపు ముఖ్యంగా పడే చోటు మందుల కంపెనీలు. ఇందులో మోసం ఏదీ లేదు, చిక్కు మాత్రం ఉంది. డాక్టర్ రెడ్డీస్ వంటి కంపెనీ అమెరికాలో ఒక మాత్రల డబ్బాను టోకు వర్తకుడికి జాబితా ధరకు అమ్ముతుంది. ఆ వర్తకుడు మందుల దుకాణాల గొలుసుకు, ముందే కుదిరిన తక్కువ ధరకు అమ్మి, తేడాను కంపెనీ దగ్గర తిరిగి వసూలు చేసుకుంటాడు. దీన్ని ఛార్జ్‌బ్యాక్ అంటారు. దాని మీద రిబేట్లు, వాపసులు, ధర పడిపోతే అల్మారాలో ఉన్న సరుకుకు సర్దుబాటు. అమ్మిన రోజున ఇవేవీ తెలియవు. అయినా అమ్మిన రోజునే వీటిని ఊహించి, తీసివేసి, మిగిలిందే రాబడిగా రాయాలి. అంటే రాబడి అనేది ఒక అంచనా. కంపెనీ తన నివేదికలో ఈ సంగతిని చెబుతూనే ఉంటుంది, చిన్న అక్షరాల్లో. వార్షిక నివేదిక అనే ప్రక్రియ లక్షణమే ఇది: ముందు పుటల్లో ఛైర్మన్ ఉత్తరం, నవ్వుతున్న ముఖాలు, వెనక పుటల్లో గమనికలు. ఛందస్సు ముందు, అర్థం వెనక. చదవవలసింది వెనకనుంచి.

2018 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో అమలులోకి వచ్చిన ఇండ్ ఏ.ఎస్. 115 అనే ప్రమాణం ఈ అంచనాలకు కొంత కట్టుబాటు తెచ్చింది. తగ్గింపులు, రిబేట్లు, వాపసులు ప్రతిఫలాన్ని మార్చేవి గనుక వాటిని ముందే అంచనా వేసి తీసివేయాలి. తర్వాత పెద్దగా వెనక్కి తీయవలసి రాదని బలంగా నమ్మదగిన మేరకే మొత్తాన్ని రాబడిగా చూపాలి. పాఠ్యపుస్తకంలో విడిగా రాసుకోమన్న నగదు డిస్కౌంటు కూడా ఇప్పుడు రాబడిలోంచే పోవాలి. మూడు వరుసల పుస్తకంలో మూడో వరుసకు పెద్ద కంపెనీల లెక్కల్లో పాత అర్థం లేదు. ఈ ప్రమాణంలో 126ఏఏ అనే ఒక పేరా ఉంది: ఒప్పందపు ధర ఎంత, అందులో తగ్గింపులు ఎంతెంత పోయాయి, రాబడిగా రాసింది ఎంత అన్నది వరుసగా విడగొట్టి చూపమంటుంది. దీనికి మూలమైన అంతర్జాతీయ ప్రమాణంలో ఈ నిబంధన లేదు, మనవాళ్ళు చేర్చారు. ఇంత మంచి పట్టికను మదుపుదారుడి కోసం రాయించగలిగిన వ్యవస్థ, పలికిన ధర, పోయిన కోతలు, చేతికి వచ్చిన మొత్తం అన్న ఇలాంటి పట్టికనే ప్రతి రైతుకూ యార్డులో కచ్చితంగా రాయించలేదా అని అడగడం అతివాదం కాదు. అక్కడ చాలాసార్లు చేతికొచ్చేది సగం నలిగిన ఒక తెల్లచీటీ.

సత్యం కథకు ఒక తోక ఉంది, దాన్ని మన పత్రికలు అంతగా పట్టించుకోలేదు. 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్ర ఆ కంపెనీని చేజిక్కించుకుంది. 2013లో తనలో కలుపుకుంది. దొంగ రాబడి రాసిన ఏళ్ళలో పాత యాజమాన్యం దాన్ని నిజమైన రాబడిగా చూపడానికి పన్ను లెక్కల్లో కూడా చూపింది. కొత్త యాజమాన్యం ఆదాయపు పన్ను శాఖను అడిగింది: ఆ ఆదాయం లేనిది, మా మీద వేసిన పన్నును మళ్ళీ లెక్కగట్టండి అని. శాఖ ఒప్పుకోలేదు. ఆదాయం ఉందని సంతకం పెట్టి చూపింది మీ కంపెనీయే కదా అన్నది దాని వాదన సారం. వివాదం కోర్టులకెక్కి ఏళ్ళతరబడి నడిచింది. తన పేర అచ్చయిన గ్రంథం మొత్తం కల్పనేనని రుజువు చేసుకోవలసిన పని కంపెనీ మీద పడింది. అది నిజమేనని వాదించవలసిన పని ప్రభుత్వం మీద పడింది.